మీరు కాస్త బయట కూర్చోండి

మా పిన్ని రక్తం చూసి బెదిరే మనిషి కాదు. పళ్ళ ఆసుపత్రిలో పనిచేసే వాళ్ళకి రక్తం కొత్తేమీ కాదు. రోజూ చూస్తారు, తుడుస్తారు, చేతులు కడుక్కుని అన్నం తింటారు. అలాంటి పిన్ని ఆ సాయంత్రం మా ఇంటి స్నానాలగది గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. లోపల కుళాయి ధారగా పోతోంది. తెల్లటి సింకు ఎర్రగా ఉంది. దాని కింద, గోడకి ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని బాబాయి కూర్చున్నాడు. ఒళ్ళో తడిసిన తువ్వాలు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

నేను పిన్ని వెనకే ఉన్నాను. ఆమెని తప్పించుకుని లోపలికి పోదామని భుజం మీద చెయ్యి వేశాను. ఆ భుజం కదల్లేదు. గోడ మీద చెయ్యి వేసినట్టుంది.

ఆ క్షణం నుంచి నాకు ఒకటే ప్రశ్న. ఊళ్ళో ఎవరి ఒంట్లో ఏముందో తెలిసిన మనిషికి, పక్కన పడుకునే మనిషి ఒంట్లో ఏముందో ఎలా తెలియకుండా పోయింది? జవాబు ఇప్పుడు నాకు తెలుసు. తెలిశాక ఇంకా ఎక్కువ భయమేసింది.

పిన్ని పనిచేసే ఆసుపత్రి ఒక చెప్పుల దుకాణం పైన ఉంటుంది. ఇరుకు మెట్లు. ఎక్కగానే బయటి గది, గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల పెద్ద పన్ను బొమ్మ. ఆ పన్నుకి ఎవరో పిల్లలు పెన్నుతో మీసాలు గీశారు. ఎంత తుడిచినా పోలేదు. లోపలి గదిలో వాలుకుర్చీ, దాని మీదికి వంగిన దీపం, ఉమ్మడానికి గిన్నె. అడ్డగోడ వెనకాల పనిముట్లు ఆవిరిలో ఉడికించే మిషను. దాన్ని అక్కడ అందరూ కుక్కర్ అంటారు.

పిన్ని అక్కడ ఊడవడానికి చేరింది. చేరిన కొత్తలో చీపురు పట్టుకుని కుర్చీ వెనకాల నిలబడి డాక్టరమ్మ చేతులే చూస్తూ ఉండేదట. ఒకరోజు డాక్టరమ్మ చెయ్యి చాపితే, అడక్కుండానే కావలసిన పనిముట్టు అందులో పెట్టింది. ఆ తర్వాత ఊడవడానికి వేరే మనిషి వచ్చింది. డాక్టరమ్మ పిన్నికన్నా బాగా చిన్నది, ఆమెని "అక్కా" అంటుంది, ఏ పని ఎందుకో విసుక్కోకుండా చెప్పి నేర్పింది. డాక్టర్లంటే నాకు పెద్ద గౌరవం లేదు. చెయ్యి చూసేలోపు ఇంకో రోగి వైపు తల తిప్పేవాళ్ళని చాలామందిని చూశాను. ఈవిడ విషయంలో మాత్రం నేను నోరు మూసుకుంటాను.

రోగి కుర్చీలో పడుకోగానే పిన్ని అతని కళ్ళకి నల్ల అద్దాలు పెడుతుంది. దీపం వెలుగు పడకుండా, నీళ్ళు చిమ్మకుండా. పనిముట్ల పొట్లం అతను చూస్తుండగా అతని ముందే చింపుతుంది. సూది వాడాక మూత ఒక్క చేత్తోనే పెడుతుంది, రెండో చెయ్యి దగ్గరికి రానివ్వదు. చిన్న మేకులాంటి సామాను ఏదైనా నోట్లో పెట్టాల్సి వస్తే దానికి దారం కట్టి, ఆ దారం కొస బయట ఉంచుతుంది. "జారి గొంతులోకి పోయిందనుకో, దారం పట్టుకు లాగొచ్చు. దారం లేకపోతే దేవుణ్ణి పట్టుకు లాగాలి" అనేది.

కానీ ఆమెకి పేరొచ్చింది వీటివల్ల కాదు. ఆమెని ఆ వీధిలో అందరూ 'బయటికమ్మ' అంటారు. ఎందుకంటే రోగితోపాటు ఎవరొచ్చినా సరే, మొగుడైనా, పెళ్ళామైనా, కన్నతల్లైనా, ఆమె మొదట అనే మాట ఒకటే.

"మీరు కాస్త బయట కూర్చోండి."

తలుపు వేస్తుంది. అప్పుడు రోగి పక్కన స్టూలు లాక్కుని కూర్చుని అడుగుతుంది. ఏమేం జబ్బులున్నాయి, ఏమేం మాత్రలు వేసుకుంటున్నారు, ఏ మందైనా పడలేదా, ఇంతకుముందు రక్తం ఆగకుండా కారిందా. జవాబులు విని, తలుపు తీసి, డాక్టరమ్మకి చెప్పి, అప్పుడు బయటున్నవాళ్ళని పిలుస్తుంది.

ఈ అలవాటు ఊరికే రాలేదు. అంతకుముందు ఆమె కూడా అందరి ముందే అడిగేది. ఒకసారి ఒక కుర్రాడు వచ్చాడు. పెళ్ళి కుదిరింది, ముందు పన్ను విరిగి ఉంది, ఫోటోలు దిగేలోపు బాగుచేయించుకోవాలి. వెంట కాబోయే మామగారు. ఆయన పక్కనే నిలబడి కుర్రాడి బనియను సైజు దగ్గర్నుంచి అన్నీ తనే చెబుతున్నాడు. జబ్బులేమైనా ఉన్నాయా అని పిన్ని అడిగితే కుర్రాడు నోరు తెరిచేలోపే, "మా అల్లుడికి జబ్బేంటమ్మా, గుర్రం!" అన్నాడు. కుర్రాడు నవ్వాడు. డాక్టరమ్మ పని మొదలుపెట్టింది. తిరిగే పనిముట్టు నోట్లో ఉండగా ఆ గుర్రానికి ఫిట్స్ వచ్చాయి. కాళ్ళు కొట్టుకున్నాయి, పళ్ళు బిగుసుకున్నాయి. డాక్టరమ్మ చెయ్యి వెనక్కి లాగింది గనక నాలుక దక్కింది. పెదవి కొస తెగింది. కుర్రాడికి చిన్నప్పటి నుంచీ ఫిట్స్ ఉన్నాయి. మాత్రలు వాడుతున్నాడు. మామగారు వింటున్నాడని ఆ రోజు చెప్పలేదు.

ఆ పెళ్ళి ఏమైందో పిన్ని నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పింది ఇంకొకటి.

"వాడి నోట్లో అబద్ధం లేదురా. ఆ గదిలో ఉంది. మామగారు గదిలోంచి పోయుంటే అబద్ధం కూడా ఆయన వెనకే పోయేది."

అప్పట్నుంచి తలుపు వేయడం మొదలుపెట్టింది. జనం చెప్పడం మొదలుపెట్టారు. మొగుడి ముందు సమస్తం బాగానే ఉందన్న ఆడమనిషి, తలుపు పడగానే దిండు కింద దాచుకునే మాత్రల పేర్లు చెప్పింది. కోడలి ముందు మీసం తిప్పిన ముసలాయన, సూదంటే మూర్ఛ వస్తుందని పిన్ని చెవిలో చెప్పాడు. పిన్ని ఏదీ ఇంటికి తెచ్చేది కాదు. ఈ పేర్లు లేని సంగతులు కూడా నాకు చాలా ఏళ్ళకి చెప్పింది.

బాబాయికి అదే కడుపుమంట.

బాబాయి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మనిషి పొట్టి, నోరు పెద్దది. మనుషుల్ని పైకీ కిందికీ చేర్చే పనిలో ఉండి లోకమంతా తన చుట్టమే అనుకుంటాడు. పిన్నికి మేనత్త కొడుకు. ఇద్దరూ ఒకే వాకిట్లో దెబ్బలాడుకుంటూ పెరిగారు. అందుకని పిన్ని ఆయన్ని "బావా, నువ్వు" అనే అంటుంది. నేను వాళ్ళింట్లోనే పెరిగాను గనక రోజూ రాత్రి అన్నాల దగ్గర ఈ నాటకం చూసేవాణ్ణి.

"నీ కడుపులో ఊరంతా ఉందే. ఒక చిన్న ముక్క విదిలించవే, పుణ్యముంటుంది."

"విదిలిస్తే రేపు పొద్దున నీ లిఫ్టు ఎక్కిన ప్రతివాడికీ పంచిపెడతావ్."

"అంటే నన్ను నమ్మవు."

"నిన్ను నమ్ముతా బావా. నీ నోటినే నమ్మను."

"మరి నా గురించి ఎవరికైనా చెప్పావా?"

"నీ గురించి చెప్పడానికేముంది? నువ్వు నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. నీ ఒంట్లో నాకు తెలీనిది నీ మెదడొక్కటే. అది ఎక్కడుందో నీకూ తెలీదు."

బాబాయి పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

బాబాయికి కింది దవడలో పన్ను పుచ్చింది. మొదట ఒకవైపే నమిలాడు. తర్వాత మందుల దుకాణంలో నొప్పి మాత్రలు కొనుక్కుని మింగాడు. చెంప వాచి, మాట ముద్దగా వచ్చేదాకా పిన్ని మాట వినలేదు. చివరికి ఆమె డాక్టరమ్మని అడిగి మధ్యాహ్నం భోజనం వేళకి ఒప్పించింది. మామూలుగా ఆ వేళ రోగుల్ని చూడరు. మన మనిషి కదా అని డాక్టరమ్మ తన అన్నం డబ్బా మూత పెట్టి లేచింది.

మన మనిషి. ఈ మాటంటే నాకు ముందునుంచీ పడదు. ఏ ఆఫీసుకి వెళ్ళినా మన మనిషి ముందు పోతాడు, మనం వెనక నిలబడతాం. ఆ రోజు మొదటిసారి మేమే మన మనుషులమయ్యాం. ఏం దక్కిందో చూశాను.

బాబాయిని నా బండి మీద తీసుకెళ్ళాను. మెట్లెక్కి బయటి గదిలోకి రాగానే పిన్ని ఎదురొచ్చింది. తెల్లకోటు వేసుకుంది, జుట్టుకి టోపీ. నన్ను చూసి, అలవాటు చొప్పున, "నువ్వు కాస్త బయట కూర్చో" అంది.

బాబాయి దవడ పట్టుకునే ఇకిలించాడు. "చూశావురా, నీకూ తప్పలేదు!"

నేను మీసాల పన్ను పక్కన కూర్చున్నాను. ఆ వేళ ఇంకెవరూ లేరు గనక పిన్ని తలుపు పూర్తిగా వేయలేదు. లోపలి మాటలు వినపడుతున్నాయి.

"ఏమేం జబ్బులున్నాయి మీకు?" పిన్ని గొంతు మారింది. అది ఆమె డ్యూటీ గొంతు.

"డాక్టరమ్మా! మా ఆవిడ నన్ను 'మీరు' అంటోంది. పెళ్ళైన ఇన్నేళ్ళకి! ఈ కుర్చీ నాకు అమ్మేయండి, ఇంటికి తీసుకుపోతాను."

డాక్టరమ్మ నవ్వింది. పిన్ని కూడా నవ్వు ఆపుకుంటోందని గొంతులో తెలిసింది.

"వేళాకోళం చాలు బావా. మాత్రలేమైనా వేసుకుంటున్నావా?"

ఆ మాటకి చిన్న ఖాళీ వచ్చింది. ఖాళీ అని నేనిప్పుడు అంటున్నాను. అప్పుడు, వాచిన దవడతో మాట్లాడటానికి మనిషి నోరు సర్దుకుంటున్నాడనుకున్నాను.

"నొప్పి మాత్రలు. నువ్వు చూస్తూనే ఉన్నావుగా."

"అవి తప్ప?"

"అవి తప్ప నీ చేతి వంట."

"అడిగారా అక్కా?" అంది డాక్టరమ్మ, చేతి తొడుగులు లాక్కుంటున్న చప్పుడు మధ్యలో.

"అడిగా డాక్టరమ్మా. నొప్పి మాత్రలు తప్ప ఏమీ లేవు. నాకు తెలీని మనిషా?"

పన్ను తేలిగ్గానే ఊడింది. "రక్తం కొంచెం ఎక్కువగానే వస్తోంది అక్కా" అని డాక్టరమ్మ అనడం వినపడింది. దూది పెట్టి కొరికి పట్టమంది. మామూలుగా ఉంచేదానికన్నా ఎక్కువసేపు కూర్చోబెట్టింది. దూది మార్చింది. తగ్గింది. ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, వేడివేం తాగొద్దు, ఆగకపోతే వెంటనే ఫోన్ చెయ్యండి అని చెప్పింది. నేను ఇంటి దగ్గర దింపాను. బాబాయి దూది కొరుకుతూనే బొటనవేలు పైకెత్తి చూపించి లోపలికి పోయాడు. నేను నా పనికి పోయాను.

సాయంత్రం పిన్నిని ఎక్కించుకుని ఇంటికొచ్చేసరికి స్నానాలగదిలో కుళాయి చప్పుడు.

అక్కడ నిలబడిపోయిన పిన్ని ఎంతసేపుందో చెప్పలేను. బాబాయి తల ఎత్తి ఆమెని చూశాడు. నోరు తెరిచి ఏదో అనబోయాడు, అది జోకే అయివుంటుంది, మాటకి బదులు ఎర్రటి గడ్డ ఒకటి గడ్డం మీదికి జారింది. అప్పుడు పిన్ని కదిలింది. లోపలికి దూకి, శుభ్రమైన గుడ్డ చుట్టచుట్టి ఆయన దవడలో కుక్కి, "కొరుకు! గట్టిగా! తల వెనక్కి వాల్చకు, మింగొద్దు!" అని అరిచింది. నా వైపు తిరక్కుండానే, "ఆటో!" అంది.

"ఫోన్ ఎందుకు చెయ్యలేదు? ఆగకపోతే చెయ్యమన్నారుగా! ఎందుకు చెయ్యలేదు బావా?" అని ఆటోలో అంటూనే ఉంది. గుడ్డ కొరికిన మనిషి ఏం చెబుతాడు. తల అడ్డంగా ఊపాడు. చేతులు మంచులా ఉన్నాయి. పిన్ని ఆ చేతుల్ని తన చేతుల మధ్య రుద్దుతూ, మధ్యమధ్యలో నాడి చూస్తూ, ఒక్కసారి నన్ను చూసింది. "ఇలా కారకూడదు రా. పన్ను తీస్తే ఇలా కారదు. ఎన్ని చూశాను... ఇలా కారకూడదు."

బాబాయి చచ్చిపోతాడనుకున్నాను. దాచేందుకేముంది. దారి పొడుగునా అదే అనుకున్నాను.

పెద్దాసుపత్రి అత్యవసర వార్డు సంతలా ఉంది. మంచాలు, వాటి చుట్టూ పచ్చ తెరలు, తెరల కిందనుంచి కనపడే కాళ్ళు. బాబాయిని ఒక మంచం మీద పడుకోబెట్టారు. డ్యూటీ నర్సు వచ్చింది. పెద్ద వయసు మనిషి, రోజంతా నిలబడి కాళ్ళు వాచిన నడక. బాబాయి నోట్లో చూసింది, చేతికి పట్టీ కట్టి బీపీ చూసింది. ముఖం ముడుచుకుంది. పిన్ని వైపు తిరిగింది.

"మీరు కాస్త బయట ఉండండి."

పిన్నికి అర్థం కాలేదు. తనతోనే అందని తెలియనట్టు వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"మిమ్మల్నేనమ్మా."

"నేను ఆయన భార్యని."

"తెలుస్తూనే ఉంది. అందుకే బయట ఉండమంటున్నా."

ఆ మాట అన్నప్పుడు పిన్ని ముఖం చూశాను. చెంప మీద కొట్టినా అలా అవ్వదు. ఎన్నేళ్ళుగా తను అందరికీ చెప్పిన మాట, అదే గొంతుతో, అదే విసుగుతో, ఎదురొచ్చి తగిలింది. తెర ఇవతలికి వచ్చింది. నర్సు తెర లాగేసింది.

తెర అంటే గుడ్డే కదా. గుడ్డకి చెవులు మూసే గుణం లేదు.

"గుడ్డ కాస్త పక్కకి తీస్తున్నా. నెమ్మదిగా చెప్పండి. రోజూ మాత్రలేమైనా వేసుకుంటారా?"

మంచం కిర్రుమంది.

"దాస్తే నేనేం చెయ్యలేను బాబూ."

ముద్దముద్దగా బాబాయి గొంతు వచ్చింది. "మా ఆవిడ... వెళ్ళిందా?"

పక్కన పిన్ని ఊపిరి ఆగిపోయింది. నాకు వినపడింది, ఊపిరి ఆగడం.

"వెళ్ళింది. చెప్పండి."

"రక్తం పలచబడేది ఒకటి. పొద్దునా సాయంత్రం. గుండె లయ తప్పుతోందన్నారు. నిరుడు మా కంపెనీ వాళ్ళు పరీక్షలు చేయిస్తే తేలింది."

"దాని మీద నొప్పి మాత్రలు కూడా మింగారా?"

"ఆ."

"దేవుడా. ఈ పొద్దున కూడా వేసుకున్నారా?"

"పొద్దున పనిలోకి పోతూ. మాత్రలు పనిసంచిలోనే ఉంటాయి. ఫ్యూజుల డబ్బాలో."

"ఇంట్లో తెలీదా?"

"తెలీదు. చెప్పకండమ్మా. దణ్ణం పెడతాను."

నర్సు ఎవరినో కేకేసింది. బూట్ల చప్పుడు, ఇనుప బల్ల దొర్లుతున్న చప్పుడు. మమ్మల్ని ఇంకా వెనక్కి నెట్టారు. పిన్ని గోడవారగా బెంచీ మీద కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. తన కుడి చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది, ఎవరిదో చెయ్యి చూసినట్టు.

"ఆ సంచి రోజూ నేనే అందిస్తాను రా" అంది. "ఈ చేత్తోనే. గుమ్మం దగ్గర."

ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో మూసింది.

"నేను గదిలోనే ఉన్నాను. తలుపు దగ్గర నిన్ను బయటికి పంపాను. నిన్ను! నువ్వుంటే ఏంటి, లేకపోతే ఏంటి? పోవలసినదాన్ని నేను, గదిలోనే కూర్చుని, ఏమేం మాత్రలు అని అడిగాను. ఎవర్ని చూసి దాచాడో ఆ మనిషే అడిగితే ఏం చెబుతాడు?"

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. కాళ్ళకి చెప్పులు రెండూ రెండు రకాలు. నేను ఫోన్ చేశాను గనక సంగతి అప్పటికే తెలుసు. "తప్పు నాది అక్కా. నా నోటితో నేను అడగాల్సింది. మీరడిగారు కదా అని వదిలేశాను."

"మీరు అడిగినా అదే చెప్పేవాడు డాక్టరమ్మా. నేను పక్కనే ఉన్నానుగా."

డాక్టరమ్మ లోపలికి వెళ్ళి, తను చేసిందంతా అక్కడి డాక్టర్లకి చెప్పి, దగ్గరుండి కుట్లు వేయించింది. మందులో తడిపిన గుడ్డ పెట్టారు. సెలైన్ సీసాలు కట్టారు. గుండె డాక్టరు వచ్చి ఏ మాత్ర ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పిపోయాడు. ఆ మాత్ర ఉందని ముందే తెలిస్తే పన్ను తీసే పద్ధతే వేరుగా ఉండేదని, అప్పుడే కుట్టేసి, గంటలకొద్దీ కూర్చోబెట్టి పంపేదాన్నని డాక్టరమ్మ నాతో అంది. అంటూ గోడకేసి చూసింది. అంత చిన్న సంగతి. నోరు తెరిచి ఒక్క ముక్క చెబితే సరిపోయే సంగతి. దానికి ఒక మనిషి నిలువునా కారిపోవాలా?

రక్తం ఆగింది. ఆ మాట డాక్టర్లే బయటికొచ్చి చెప్పారు. పిన్ని విని తల ఊపింది, అంతే.

మర్నాడు పొద్దున వార్డులోకి రానిచ్చారు. బాబాయి దిండుకి ఆనుకుని ఉన్నాడు. ముఖానికి కాస్త రంగు వచ్చింది. పిన్నిని చూడగానే తల తిప్పుకున్నాడు. పిన్ని మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. చేతిలో ఫ్యూజుల డబ్బా. ఇంటికెళ్ళి తెచ్చింది. మాట్లాడకుండా మంచం మీద పెట్టింది.

బాబాయి డబ్బా చూశాడు. "తెలిసిపోయిందా" అన్నాడు, దవడ కదపకుండా.

"ఎందుకు చెప్పలేదు బావా?"

"చెబితే ఏమవుతుందో నీకు తెలీదా? ఆ మధ్య నాకు షుగరు వచ్చేలా ఉందన్నప్పుడు ఏం చేశావ్? నేను చెయ్యి చాపితే చెయ్యి చూసేదానివి, గోళ్ళు చూసేదానివి. నవ్వితే నాలుక చూసేదానివి. రాత్రి నిద్రలో మీద చెయ్యి వేశావనుకుంటే నాడి లెక్కపెడుతున్నావు."

"నీ మంచికే కదా!"

"మంచికే. కాదన్నానా? నా గుండె సంగతి కూడా చెబితే ఇంక నేను ఇంట్లో మొగుణ్ణి కాను. నీ పేషెంటుని. పొద్దస్తమానం ఊరందరికీ పేషెంటు చూపు చూసి వస్తావు. నాకొక్కడికైనా మామూలు చూపు మిగలనీ అనుకున్నాను."

పిన్ని డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టింది. తర్వాత అంది.

"ముక్కూ మొహం తెలీనివాళ్ళు చెప్పారు బావా నాకు. దిండు కింద దాచుకున్నవి చెప్పారు. కన్నవాళ్ళకి చెప్పనివి చెప్పారు. పరాయివాళ్ళు చెప్పారు."

"వాళ్ళకి నువ్వు పరాయిదానివి కాబట్టే చెప్పారే."

నేను వార్డులోంచి బయటికి వచ్చేశాను. ఎవరూ పొమ్మనలేదు. నాకే ఉండబుద్ధి కాలేదు. నడవాలో నిలబడి ఒక మాట తిరగేసి మరగేసి చూశాను. ప్రేమగా చూసుకునే ఇళ్ళలోనే మనుషులు ఇలా దాక్కుంటారా? ఒకరినొకరు పట్టించుకోని కొంపల్లో దాచాల్సిన పనే ఉండదు కదా. ఇంత దరిద్రమైన లెక్క ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కూడా కాదు.

పిన్ని పని మానేస్తుందనుకున్నాను. మానలేదు. మళ్ళీ నల్ల అద్దాలు పెట్టింది, మళ్ళీ పొట్లాలు చింపింది, మళ్ళీ తలుపు వేసింది. ఒక్కటి మారింది. "నావాళ్ళు ఎవరొచ్చినా నేను గదిలో ఉండను. మీ చుట్టాలొస్తే మీరు అడగొద్దు, నేను అడుగుతాను" అని డాక్టరమ్మతో చెప్పింది. డాక్టరమ్మ సరే అంది. తర్వాత వారంలోనే డాక్టరమ్మ సొంత అన్నయ్య వచ్చాడు. పిన్ని ఆమెని బయటికి పంపేసింది. డాక్టరమ్మ తెల్లకోటుతో బయటి గదిలో, మీసాల పన్ను పక్కన, రోగుల మధ్య కూర్చుందట. జనం లేచి నిలబడాలో కూర్చోవాలో తెలియక అల్లాడిపోయారట.

బాబాయికి పైదవడలో ఇంకో పన్ను తీయాల్సి వచ్చింది. ఈసారి గుండె డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది. ఎప్పుడు ఏ మాత్ర వేసుకోవాలో పిన్నికి కంఠతా వచ్చు. అయినా ఆమె ఆ రోజు తెల్లకోటు విప్పేసింది. మామూలు చీరలో, చేతిసంచి పట్టుకుని, మాతోపాటు మెట్లెక్కింది. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి ఒక క్షణం తటపటాయించింది.

"అనండి డాక్టరమ్మా" అంది పిన్ని.

"మీరు కాస్త బయట కూర్చోండి అక్కా."

బాబాయి లోపలికి పోతూ వెనక్కి తిరిగి చూశాడు. జోకు వేస్తాడేమో అనుకున్నాను. వేయలేదు. తలుపు పడింది. ఈసారి పూర్తిగా పడింది.

పిన్ని చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పక్కన ఒకావిడ తన కొడుకు వంతు కోసం చూస్తోంది. ఊరుకోలేదు.

"ఇదెక్కడి చోద్యమండీ? కన్నతల్లిని నన్ను కూడా బయటే ఉండమంటారట. నా కొడుకు గురించి నాకన్నా ఎవరికి తెలుసు?"

మామూలుగా ఇలాంటివాళ్ళకి పిన్ని దగ్గర రకరకాల జవాబులుంటాయి. నవ్వించేవి, గద్దించేవి. ఆ రోజు ఒక్కటీ తీయలేదు.

"మా ఆయన లోపలున్నాడు. నన్నూ బయటే కూర్చోమన్నారు" అంది.

ఆవిడ పిన్నిని ఎగాదిగా చూసింది. "మీరు... ఇక్కడ పనిచేసే బయటికమ్మ కదూ?"

పిన్ని తల ఊపింది. ఆవిడ కొడుకు వైపు తిరిగి, వాడి ముఖంలోకి కాసేపు అనుమానంగా చూసింది. వాడు నేల చూపులు చూశాడు.

లోపల డాక్టరమ్మ గొంతు సన్నగా, మాటలు తెలియకుండా వినపడింది. తర్వాత బాబాయి గొంతు. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఆ గొంతులో నవ్వు లేదు. నెమ్మదిగా, ఎడతెగకుండా సాగుతోంది. మధ్యలో డాక్టరమ్మ ఏదో చిన్నగా అడుగుతోంది, మళ్ళీ అదే గొంతు. మాత్ర పేరు చెప్పడానికి ఒక్క ముక్క చాలు. గుండె సంగతికి ఇంకో ముక్క.

పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది.

"ఉన్నది ఒక్క మాత్రేగా రా" అంది మెల్లగా. "ఇంతసేపు ఏం చెబుతున్నాడు?"

ఆమె లేచింది. తలుపు దాకా వెళ్ళింది. తట్టడానికి చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. లోపల బాబాయి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

పిన్ని చెయ్యి దించింది. వెనక్కి వచ్చి, చేతిసంచి మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, తలుపుకేసి చూడకుండా కూర్చుంది.